యూదుల పండుగ భోజనంలో బ్రిస్కెట్

బ్రిస్కెట్ అంటే పశువు రొమ్ము భాగంలోని మాంసం. మెడకు దిగువన, ముందు కాళ్ల మధ్య ఉంటుంది. మటన్ కొట్టులో మనవాళ్లు సీనా అని అడిగి తీసుకునే చోటే పశువులో ఇది. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల ఇళ్లలో, ముఖ్యంగా అమెరికాలో, కొత్త సంవత్సరమైన రోష్ హషానాకూ పస్కా పండుగకూ రాత్రి భోజనంలో పెద్ద వంటకం ఇదే. బోలెడన్ని ఉల్లిపాయలతో, గట్టిగా మూతపెట్టిన పాత్రలో, సన్నని సెగ మీద మూడు నాలుగు గంటలు మగ్గబెడతారు. చల్లారాక పలుచగా కోసి, మరునాడు దాని గుజ్జులోనే మళ్లీ వెచ్చబెట్టి వడ్డిస్తారు.

పశువు మొత్తం మీద బాగా ముదురుగా ఉండే మాంసాల్లో ఇదొకటి. అలాంటిది ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద పండుగకు ఎలా ఎక్కింది? రుచి ఒక్కటే చెబితే జవాబు చాలదు. యూదుల ఆహార నియమాలు పశువు వెనుక సగాన్ని చాలావరకు వాళ్ల వంటింటికి రాకుండా చేశాయి. మిగిలిన ముందు సగంలో మెత్తని ముక్కలు కొనే స్తోమత పేదలకు లేదు. పండుగ రోజుల్లో పని మీద ఉన్న నిషేధాలేమో ముందురోజే వండిపెట్టుకోగల వంటను కోరాయి. ఈ మూడు అవసరాలకూ ఒకేసారి సరిపడిన మాంసం బ్రిస్కెట్. దీని చరిత్ర గాని, వండే తీరు గాని ఈ మూడింటితో కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

మాంసం స్వభావం

పశువులకు జత్రుక, అంటే మనుషులకు భుజం దగ్గర అడ్డంగా ఉండే ఎముక, ఉండదు. నిలబడినా నడిచినా ఒంటి బరువులో సుమారు 60 శాతాన్ని ఈ రొమ్ము కండరాలే మోస్తాయి. రోజంతా పనిచేసే కండరం కాబట్టి పీచు పొడవుగా, దట్టంగా ఉంటుంది. పీచును పట్టి ఉంచే కొలాజెన్ కూడా ఎక్కువ. నిప్పుల మీద గబగబా కాల్చి తినబోతే పళ్లకు పని తప్ప నోటికి సుఖం ఉండదు.

మొత్తం బ్రిస్కెట్ ఒకటి ఐదు నుంచి ఏడు కిలోల దాకా తూగుతుంది. అందులో ఒకదాని మీద ఒకటి ఉండే రెండు కండరాలున్నాయి. కిందది బల్లపరుపుగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. అమెరికా యూదు మాంసం కొట్లలో దాన్ని ఫస్ట్ కట్ అంటారు. పైన మందంగా, మధ్యమధ్య కొవ్వు చారలతో ఉండేది సెకండ్ కట్. దాన్నే డెకిల్ అని కూడా పిలుస్తారు. వడ్డించినప్పుడు పలకలు తీరుగా వస్తాయని చాలామంది ఫస్ట్ కట్‌నే కొంటారు. రుచి మాట అడిగితే సెకండ్ కట్‌దే పైచేయి. కొవ్వు కరిగి లోపలినుంచే తడిపేస్తుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉడికినా ఎండిపోదు. రెండూ కలిసి ఉన్న ముక్క దొరికితే అదే కొనడం ఉత్తమం.

కొలాజెన్ సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటాక నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పాయా చల్లారితే పెదవులకు అంటుకునే ఆ జిగురు ఇదే. వండేవాళ్లకు ఇక్కడ ఒక ఓపిక పరీక్ష ఉంది. వేడెక్కుతున్నకొద్దీ మాంసం పీచు ముందు బిగుసుకుని నీరు వదిలేస్తుంది. గంటన్నర దాటాక మూత తీసి చూస్తే ముక్క గట్టిగా, కుంచించుకుపోయి కనిపిస్తుంది. అప్పుడే పాడైపోయిందనుకుని దించేసేవాళ్లు చాలామంది. నిజానికి కరగడం అప్పుడే మొదలవుతుంది. లోపలి వేడి 90 డిగ్రీలు దాటి, అక్కడ కొంతసేపు నిలిచాకగాని ముక్క వదులు కాదు. బరువులో సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. అందుకే మనిషికి పావు కిలో పచ్చి మాంసం లెక్కన కొంటారు.

నియమాలు

తినదగిన జంతువు ఏదన్నది లేవీయకాండం 11, ద్వితీయోపదేశకాండం 14 అధ్యాయాలు చెబుతాయి. డెక్కలు చీలి ఉండాలి, నెమరు వేయాలి. శిక్షణ పొందిన వధకుడు, అంటే షోఖెట్, పదునైన కత్తితో ఒక్క ఊపున గొంతు కోస్తాడు. చూడటానికి హలాల్‌కు దగ్గరగా ఉన్నా నియమాలు వేరు, తనిఖీలు వేరు. రక్తం తినడం నిషిద్ధం కాబట్టి మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గరుకు ఉప్పు అన్ని వైపులా చల్లి, రక్తం కారిపోయేలా వాలుబల్ల మీద గంటసేపు ఉంచి, మూడుసార్లు కడుగుతారు. వధ జరిగిన 72 గంటల్లోగా ఈ పని అయిపోవాలన్నది నియమం. ఒకప్పుడు ఇదంతా ఇంటి ఆడవాళ్లే చేసుకునేవారు. ఇప్పుడు కొట్టులోనే అయిపోతుంది. యూదుల ఆహార నియమాలకు సరిపడినదాన్ని కోషర్ అంటారు; అమెరికాలో గరుకు ఉప్పును కోషర్ సాల్ట్ అంటున్నది ఈ పని వల్లనే. ఇలా ఉప్పు పట్టిన మాంసం కాబట్టి వంటలో ఉప్పు చూసి వేయాలి. మామూలు బీఫ్‌కు రాసిన కొలతలు కోషర్ ముక్కకు వాడితే కూర ఉప్పు కషాయమవుతుంది.

బ్రిస్కెట్‌ను పండుగ పీట ఎక్కించిన నియమం వేరే ఉంది. ఆదికాండం 32వ అధ్యాయంలో యాకోబు రాత్రంతా ఒక అజ్ఞాత వ్యక్తితో పెనుగులాడి తుంటి దెబ్బ తింటాడు. ఆ జ్ఞాపకంగా ఇశ్రాయేలీయులు పశువు తుంటినరాన్ని తినరు. కొన్ని రకాల కొవ్వు కూడా నిషిద్ధమే. అది ఎక్కువగా వెనుక భాగంలోనే ఉంటుంది. ఆ నరాన్నీ కొవ్వునూ చీల్చి తీయడం నిక్కూర్ అనే ప్రత్యేక విద్య. బాగా నేర్పు కావాలి, చాలా సమయం పడుతుంది, మాంసం కూడా చిందరవందరవుతుంది. ఇజ్రాయెల్‌లో ఈ విద్య ఇప్పటికీ బాగానే సాగుతోంది. ఐరోపా, అమెరికా అష్కెనాజీ సమాజాల్లో మాత్రం వెనుక భాగాన్ని అలాగే యూదేతరులకు అమ్మేయడం వాడుకైంది. మెత్తగా ఉండే ఫిలే, సిర్లాయిన్ లాంటివన్నీ ఆ అమ్మేసిన సగంలోనివే. చేతిలో మిగిలేవి భుజం, పక్కటెముకలు, మెడ, రొమ్ము. వాటిలోనూ పక్కటెముకల దగ్గరి మంచి మాంసానికి ధర ఎక్కువ. పేద ఇంటికి రొమ్ము ముక్క మిగిలేది.

మాంసాన్నీ పాలనూ కలపకూడదన్న నియమం రుచిని దిద్దింది. వెన్న లేదు, మీగడ లేదు. నూనెలోనో, కోడి లేదా బాతు కొవ్వు కరిగించి తీసిన ష్మాల్ట్జ్‌లోనో వేయించాలి. చిక్కదనం, తీపి కావాలంటే ఉల్లిపాయల మీదే ఆధారపడాలి. ఈ వంటకంలో ఉల్లి అంత ఎందుకు పడుతుందో అందువల్ల తేలిగ్గా తెలుస్తుంది. పక్కన వడ్డించేవాటికీ ఇదే నియమం. హనుక్కా పండుగకు బ్రిస్కెట్ చేస్తే లాట్కెలనే బంగాళదుంప అట్లతో పుల్లని మీగడ పెట్టరు, ఆపిల్ గుజ్జు పెడతారు. భోజనం చివర తీపి కూడా పాలు లేనిదే అయ్యుండాలి. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. జర్మన్ యూదుల ఆచారం మూడు గంటలు.

పండుగలు, పొయ్యి వేళలు

వారానికోసారి వచ్చే విశ్రాంతి దినమైన శబ్బాతునాడు నిప్పు రాజేయకూడదు, వండకూడదు. శుక్రవారం పొద్దు గుంకకముందే వండి, మంట మీద పరచిన రేకుపై వేడిగా నిలిపి ఉంచుకోవచ్చు. పండుగ రోజుల్లో నియమం కొంత సడలుతుంది. కొత్తగా నిప్పు పుట్టించకూడదు గాని, వెలుగుతున్న నిప్పు మీద ఆ రోజు తిండి వండుకోవచ్చు. అయినా ఉదయమంతా ప్రార్థనాలయంలో గడిచిపోతుంది, సాయంత్రానికి ఇరవై మంది బంధువులు వచ్చి కూర్చుంటారు. ఆ పూట పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికీ ఉండదు. రోష్ హషానా రెండు రోజుల పండుగ. ఇజ్రాయెల్ వెలుపల పస్కా విందు కూడా వరుసగా రెండు రాత్రులు జరుగుతుంది. వండిన నాటికన్నా మరునాడు బాగుండే వంట దొరకడం ఇలాంటి ఇళ్లకు నిజమైన వరం. రాత్రంతా గుజ్జులో ఉన్న ముక్క ఆ రసాన్ని కొంత పీల్చుకుంటుంది. పైన గడ్డకట్టిన కొవ్వును చెంచాతో తీసేయవచ్చు. చల్లని మాంసం కత్తికి విరగకుండా తెగుతుంది.

యూదుల పంచాంగంలోని తిష్రీ నెల మొదటి రోజుల్లో, అంటే సెప్టెంబరు–అక్టోబరుల్లో వచ్చే రోష్ హషానాకు తీపి ప్రధానం. ఏడాదంతా తియ్యగా సాగాలని ఆపిల్ ముక్కను తేనెలో ముంచి తింటారు. బ్రిస్కెట్‌లోనూ తేనె, క్యారెట్, ఎండు ఆల్‌బుఖారా, ఆప్రికాట్, చిలగడదుంప పడతాయి. ఇవన్నీ మాంసంతో కలిపి ఉడికిస్తే సిమ్మెస్ అనే వంటకం అవుతుంది. తీపి ఎంత ఉండాలన్నది పూర్వీకుల ఊరిని బట్టి మారుతుంది. 19వ శతాబ్దంలో చక్కెరదుంప సాగు విస్తరించిన పోలండ్ వైపువారికి తీపి ఎక్కువ కావాలి. లిథువేనియా మూలాలున్నవారు మిరియాల ఘాటు కోరతారు.

నీసాన్ నెల 15న మొదలయ్యే పస్కా మరింత కఠినం. ఆ రోజుల్లో గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్‌లతో పులిసే అవకాశమున్నది ఏదీ ఇంట్లో ఉండకూడదు. పొంగని రొట్టె మట్సా తప్ప వేరే రొట్టె లేదు. అష్కెనాజీలు వరి, మొక్కజొన్న, పప్పులు కూడా మానేస్తారు. అమెరికాలోని యూదుల కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2015లో వీటికి అనుమతిచ్చింది గాని, చాలా కుటుంబాలు పాత ఆచారాన్నే పాటిస్తున్నాయి. కాబట్టి మాంసానికి మైదా అద్ది వేయించే పద్ధతి పస్కాకు పనికిరాదు. మట్సా పొడి గాని బంగాళదుంప పిండి గాని వాడతారు. సోయా సాస్ లేదు, మొక్కజొన్న సిరప్ పోసిన కెచప్ లేదు. నిజానికి ఏ పిండీ లేకపోయినా కరిగిన ఉల్లి, జెలటిన్ కలిసి గుజ్జును తగినంత చిక్కబరుస్తాయి.

పస్కాకు సంబంధించి ఇంకొక సూక్ష్మం ఉంది. యెరూషలేము దేవాలయం ఉన్న రోజుల్లో ఆ రాత్రి గొర్రెపిల్లను నిప్పుల మీద కాల్చి తినేవారు. దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయింది, బలి ఆగిపోయింది. ఆ బలిని అనుకరించినట్టు కాకూడదని ఆ రాత్రి కాల్చిన మాంసం తినని ఊళ్లుండేవి, తినే ఊళ్లూ ఉండేవి. ఎక్కడి ఆచారం అక్కడ పాటించమని యూదుల ప్రాచీన ధర్మ సంకలనం మిష్నాలోని పెసాహీమ్ భాగం నాలుగో అధ్యాయం చెబుతుంది. అష్కెనాజీలది ఎక్కువగా తినని ఆచారం. మూతపెట్టిన పాత్రలో రసంతో మగ్గే మాంసానికి సాధారణంగా ఆ అభ్యంతరం రాదు. బ్రిస్కెట్ పస్కా బల్ల మీద స్థిరపడటానికి ఇదీ ఒక కారణం. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు గాని ముఖ్యమైన కారణమే.

న్యూయార్క్ దారి

తూర్పు ఐరోపా పల్లెల్లో పశుమాంసం శబ్బాతుకో పండుగకో మాత్రమే కనిపించేది. చాలా ఇళ్లలో అదీ కొద్దిగానే. 1881 తరువాత హింసాకాండ, పేదరికం తరిమితే, 1924లో అమెరికా వలస చట్టం తలుపులు బిగించేలోగా ఇరవై లక్షలకు పైగా యూదులు ఆ దేశానికి చేరారు. అక్కడ మాంసం చవక, పశువులు పెద్దవి. పండుగనాటి చిన్న ముక్క స్థానంలో నిండు బ్రిస్కెట్ బల్ల మీదికి వచ్చింది.

మాంసం ఆ ఇళ్లకు ఎంత ముఖ్యమో 1902 మే నెలలో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో తెలిసివచ్చింది. కోషర్ మాంసం ధర పౌనుకు 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు ఎగబాకింది. ఫానీ లెవీ, సారా ఎడెల్సన్ వంటి గృహిణులు ఇంటింటికీ తిరిగి బహిష్కరణకు పిలుపునిచ్చారు. వేలమంది ఆడవాళ్లు మాంసం కొట్ల ముందు నిలబడి, కొన్న మాంసాన్ని లాక్కుని వీధిలో పారేశారు. అరెస్టయ్యారు, జరిమానాలు కట్టారు. బ్రూక్లిన్ వంటి చోట్లకూ ఉద్యమం పాకింది. జూన్ నాటికి ధర 14 సెంట్లకు దిగింది. వంటింటి ఖర్చు గురించి చేసిన పోరాటమని దీన్ని తక్కువ చేసి చూడకూడదు. ఓటుహక్కు కూడా లేని వలస స్త్రీలు ఒక పెద్ద వ్యాపారం మెడలు కొంతైనా వంచిన సంఘటన ఇది.

తరువాతి తరం చేతిలోకి పొట్లాలు, సీసాలు వచ్చాయి. 1950ల్లో లిప్టన్ ఉల్లి సూప్ పొడి మార్కెట్లోకి రాగానే దాన్ని బ్రిస్కెట్ మీద చల్లడం వాడుకైంది. కెచప్, చిల్లీ సాస్, కోకాకోలా కూడా తోడయ్యాయి. కోకాకోలా కోషర్ అవునా కాదా అన్న ప్రశ్నను అట్లాంటాలోని రబ్బీ టోబియాస్ గెఫెన్ తీర్చారు. లిథువేనియాలోని కోవ్నో ప్రాంతం నుంచి వచ్చిన ఆయనకు కంపెనీ తన రహస్య పదార్థాల పట్టిక చూపింది. అందులో జంతువుల కొవ్వు నుంచి తీసిన గ్లిజరిన్ ఉంది; పస్కాకు కుదరని ధాన్యపు ఆల్కహాల్ కూడా ఉంది. కంపెనీ రెండూ మార్చుకున్నాక 1935లో ఆయన అనుమతి రాశారు. ఇప్పటికీ పస్కా ముందు అమెరికాలో పసుపు మూతల కోకాకోలా సీసాలు కనిపిస్తాయి. వాటిలో మొక్కజొన్న సిరప్‌కు బదులు చక్కెర వేస్తారు.

పొట్లాల పద్ధతిని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. ఉద్యోగాలకు వెళ్తూ పండుగ చేసుకున్న ఒక తరం ఆడవాళ్లను అది ఆదుకుంది. వాళ్ల పిల్లలకు పండుగంటే ఆ రుచే. కాని మాంసం రుచి తెలియాలంటే ఉల్లిపాయ ఒక్కటి చాలు. ఈ మాటను బలంగా నిలబెట్టినది నాక్ వాక్స్‌మన్ వంటకం. న్యూయార్క్‌లో వంట పుస్తకాల దుకాణం కిచెన్ ఆర్ట్స్ అండ్ లెటర్స్ స్థాపించిన ఆయన 2021లో మరణించారు. తల్లి, అత్తగారి పద్ధతులు కలిపి ఆయన రూపొందించిన వంటకం 1989లో ‘ది న్యూ బేసిక్స్ కుక్‌బుక్’లో అచ్చయింది. ఎనిమిది ఉల్లిపాయలు, కొద్దిగా టమాటా గుజ్జు, వెల్లుల్లి, ఒక క్యారెట్. చుక్క నీరు పోయనక్కర్లేదు. సగం ఉడికాక మాంసాన్ని బయటికి తీసి, పలకలుగా కోసి, మళ్లీ ముక్క ఆకారంలో పేర్చి పాత్రలో పెట్టడం దాని ప్రత్యేకత. ప్రతి పలకకూ రసం తగులుతుంది.

వండే తీరు

ఫస్ట్ కట్ గాని మొత్తం ముక్క గాని తడి లేకుండా తుడిచి, మిరియాల పొడి రాసి, బరువైన ఇనుప పాత్రలో నూనె కాగాక ముందు కొవ్వున్న వైపు, తరువాత రెండో వైపు ఎర్రగా వేయిస్తారు. తొందరపడి కదిపితే రంగు పట్టదు. మాంసం తీసి పక్కన పెట్టి, అదే పాత్రలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేస్తారు. అడుగున అంటుకున్న ముదురు గోధుమరంగు పొరను ఉల్లి వదిలే నీరే కరిగిస్తుంది. చెక్క గరిటెతో గీకుతూ ఉంటే పది పదిహేను నిమిషాల్లో ఉల్లి కుప్ప సగానికి తగ్గి బంగారు రంగుకు తిరుగుతుంది. టమాటా గుజ్జు, వెల్లుల్లి, కావాలంటే ఒక గ్లాసు కోషర్ ఎర్ర వైన్ చేరుస్తారు. మాంసాన్ని కొవ్వువైపు పైకి ఉండేలా ఉల్లి మీద పెట్టి, మూతపెట్టి, సందులేకుండా రేకుతో బిగించి, 150 నుంచి 165 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. కిలోకు సుమారు రెండు గంటలన్నది మోటు లెక్క. కచ్చితంగా చెప్పేది మాత్రం ఫోర్కే. మాంసం మధ్యలో గుచ్చి కొద్దిగా తిప్పితే ఎదురు చెప్పకుండా తిరగాలి, తీస్తే ముక్క వెంట లేవకూడదు. విడిపోయి పీచు పీచుగా అయ్యేదాకా ఉంచితే పలకలు రావు.

కోయడంలో పొరపాటు చేస్తే అంతసేపటి శ్రమా వృథా. పీచు ఏ వైపు సాగుతోందో చూసి దానికి అడ్డంగా కోయాలి. వండాక గుజ్జు పట్టి పీచు కనిపించదు కాబట్టి, పచ్చిగా ఉన్నప్పుడే ఒక మూల అడ్డంగా చిన్న గాటు పెట్టుకోవడం మంచి ఉపాయం. రెండు కండరాల పీచూ ఒకే వైపు ఉండదు. మొత్తం బ్రిస్కెట్ అయితే వాటిని విడదీసి వేర్వేరుగా కోయాలి. పలక మందం అర సెంటీమీటరు చాలు. పీచు వెంట కోసిన ముక్క ఎంత ఉడికినా తాడులా సాగుతుంది. అడ్డంగా కోసినది అదే మాంసమైనా నోట్లో విడిపోతుంది. కోసిన పలకలు గుజ్జులో మునిగేలా పేర్చి, మూతపెట్టి, మరునాడు సన్నని వేడి మీద అరగంటకు పైగా వెచ్చబెడతారు. పక్కన హార్స్‌రాడిష్ ఘాటు పచ్చడి, ఓవెన్‌లో కాల్చే బంగాళదుంప వంటకం కూగెల్ ఉంటాయి.

ఇతర దారులు

ఇదే ముక్కను ఉప్పునీటిలో ఊరవేస్తే కార్న్డ్ బీఫ్. ఫ్రాన్స్‌లోని ఆల్సేస్ యూదుల పికిల్‌ఫ్లైష్ కూడా ఈ కోవదే. మసాలా పట్టించి పొగబెట్టి, ఆవిరి పట్టిస్తే మాంట్రియల్ స్మోక్డ్ మీట్. అక్కడి ష్వార్ట్జ్ దుకాణం 1928 నుంచి నడుస్తోంది. ఇజ్రాయెల్ కొట్లలో మాంసపు భాగాలకు అంకెలుంటాయి. బ్రిస్కెట్ మూడో నంబరు. టెక్సాస్‌లో ఇదే మాంసాన్ని ఓక్ కట్టెల పొగ మీద పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకు పైగా కాలుస్తారు. డాలస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన తెలుగువారికి బ్రిస్కెట్ అనగానే గుర్తొచ్చేది ఎక్కువగా అదే. ఆ పొగ బ్రిస్కెట్‌కు పెరిగిన గిరాకీ వల్ల ఒకప్పటి పేదల ముక్క ఇప్పుడు ఖరీదైపోయింది. అందులోనూ కోషర్‌ది ఇంకా ప్రియం.

ఇది యూదులందరి వంటకం కాదు. ఇరాక్, యెమెన్, మొరాకో యూదుల పండుగ బల్ల మీద గొర్రె మాంసానికే ఎక్కువ చోటు. కొచ్చి యూదులు, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్‌వారు మాంసం కూరల్లో కొబ్బరిపాలు పోస్తారు. పాల నియమానికి మన తీరం ఇచ్చిన చక్కని జవాబు అది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ సమాజం ఉంది. వీళ్లు 1990ల మొదట్లో ప్రార్థనాలయం కట్టుకుని, పస్కా వంటి పండుగలు చేసుకుంటున్నారు. దళిత నేపథ్యం గల ఈ కుటుంబాలు పశుమాంసం తినే తమ అలవాటును ఇశ్రాయేలు పూర్వీకుల గుర్తుగా చెప్పుకుంటాయని యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. ఇతరులు తమను కించపరచడానికి వాడిన తిండినే గౌరవచిహ్నంగా నిలుపుకోవడం ఇది.

మాంసం మానిన కుటుంబాలు కూడా పండుగ బల్ల మీద ఆ గుజ్జును, ఆ ఉల్లిని వదులుకోలేకపోతున్నాయి. రోష్ హషానాకు గోధుమ గ్లూటెన్‌తో చేసే సెయిటాన్‌ను బ్రిస్కెట్‌లా మగ్గబెడతారు. అది పూర్తిగా గోధుమే కాబట్టి పస్కాకు దాన్ని దగ్గరికి రానివ్వరు. అప్పుడు పుట్టగొడుగులతోనో, పీచు పీచుగా విడిపోయే పచ్చి పనసకాయతోనో చేస్తున్నారు.